మాస్టారికి బాకీ ఉన్న జవాబు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందు వరసలో కూర్చున్న మా సైన్సు మాస్టారికి ఒక జవాబు బాకీ ఉన్నాను. తొమ్మిదో తరగతిలో ఆయన అడిగారు: "పగలు పలకని దూరపు మీడియం వేవ్ స్టేషన్లు రాత్రి ఎందుకు పలుకుతాయిరా?" "రాత్రి ఊళ్లో చప్పుడుండదు కదండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఐనోఆవరణం వల్ల అని ఆయనే చెప్పారు. ఎండకు పైగాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అక్కడి కింది పొర పగలు తరంగాలను మింగేస్తుంది. రాత్రి అది చెదిరిపోతే, పై పొర వాటిని తిప్పి కిందికి పంపుతుంది. పరీక్ష రాసి మరచిపోయాను.

ముప్పై ఏళ్ల తర్వాత అదే నన్ను పట్టుకుంది. ఉపగ్రహ రాడార్ చిత్రాలతో నేల కుంగుదల లెక్కగట్టడం నా పని. ఒకే చోటును రెండు తేదీల్లో తీసి తేడా చూస్తాం. జపాన్ వాళ్ల ఆలోస్-2 అర్ధరాత్రి తీసిన ఒక జతలో, ఒక చార పొడుగునా నేల పది సెంటీమీటర్లు కుంగినట్టు వచ్చింది. రిపోర్టు రాసేశాను. పంపబోతూ మళ్లీ చూస్తే, ఆ చార కొండనీ కాలవనీ పొలాలనీ లెక్కచేయకుండా దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగిపోతోంది. నేల అలా కుంగదు. ఆ దారిలో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టుకుంటే చెమట పట్టింది.

ఉపగ్రహం 600 కిలోమీటర్ల పైన. ఎలక్ట్రాన్లు దట్టంగా ఉండేది సుమారు 300 దగ్గర. తరంగం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటిని దాటాలి. చదరపు మీటరు స్తంభంలో ఎలక్ట్రాన్లు కోటి కోట్ల వంద రెట్లు మారితే, 24 సెంటీమీటర్ల తరంగానికి దూరం పాతిక సెంటీమీటర్లు మారినట్టుంటుంది. 5.6 సెంటీమీటర్ల తరంగానికైతే ఒకటిన్నర లోపే. సూర్యాస్తమయం తర్వాత, అయస్కాంత మధ్యరేఖ దగ్గర, ఎలక్ట్రాన్లు పలచబడిన బుడగలు పైకి లేచి అయస్కాంత రేఖల వెంట సాగుతాయి. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ నేల మీద నుంచి చూసేది వాటినే. నా చార అలాంటిదే.

నాకు చెత్త, ఐనోఆవరణం చదివేవాళ్లకు బంగారం. దగ్గరదగ్గర రెండు పౌనఃపున్యాల్లో కొలిస్తే నేల కదలిక రెంటికీ ఒకటే, ఎలక్ట్రాన్ల ప్రభావం వేరు, విడదీయొచ్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో ఇందుకే అదనపు సన్నని పట్టీ పెట్టారు. అయితే అది ఉదయం, సాయంత్రం ఆరు ప్రాంతంలో దాటుతుంది. బుడగలు సాధారణంగా ఆ తర్వాతే లేస్తాయి కాబట్టి, వాటికి అర్ధరాత్రి చిత్రాలే మేలని నా అభిప్రాయం.

మాస్టారూ, ఆ చార ఉన్న బొమ్మ ప్రింటు తీయించి తెచ్చాను. భోజనాల దగ్గర చూపిస్తాను.