చెరువు రక్షణ చేనిలోనే గలదు
(నారాయణఖేడ్‌లో పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగము)



చెరువు బాగు కట్టలో మాత్రమే లేదు. ఎగువనున్న చేలలో, బీళ్లలో గలదు. అచ్చట కురిసిన వాన మన్నును, ఎరువును వెంటగొని దిగువకు వచ్చును.

మన ప్రాంతపు వాగులు మంజీరలో కలియుచున్నవి. ఆ నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరము తొలుత 29.7 టి.ఎం.సి.ల నీటిని పట్టెడిది. పూడిక చేరుటచే నేటి సామర్థ్యము 17.8 టి.ఎం.సి.లు మాత్రమే. మన చేల పైమన్ను విలువ దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఎరువు సంగతియు నట్టిదే. 1973లో కెనడా శాస్త్రజ్ఞులు ఒక సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు భాగములందును నత్రజనిని, కర్బనమును కలిపిరి. భాస్వరమును ఒకదానియందే చేర్చిరి. ఆ భాగమే నాచుతో పచ్చబడెను. నాచు క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడిక తీసి చేలకు తోలిరి. కాని ఎగువ నేల కోత ఆగనిచో చెరువు మరల పూడును.

కావున వానలకు ముందే పంచాయతీ సభ్యులు ఎగువ భూములను నడచి చూడవలెను. వాలునకు అడ్డముగా దున్నించుట, చేనిగట్లు నిలుపుట, వాగుల యొడ్డున గడ్డిని, చెట్లను కాపాడుట మన చేతిలోని పనులు. చేనిలో నిలిచిన మన్ను పంట నిచ్చును; చెరువున చేరిన మన్ను నీటి చోటును హరించును.