నడిగీతకు అటూ ఇటూ

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. జిల్లా మారింది గానీ వాన మారలేదు. కంభం చెరువు నిండితే పండగ, నిండకపోతే వలస. ఈ సభలో ఉన్న పెద్దలకు ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి నేల మీద ఆట ఎట్లా నిలిచిందన్నదే ఈ స్మారకోపన్యాసం విషయం.

1930ల ఆర్థిక మాంద్యంలో మద్రాసు రాష్ట్రమంతటా వరి, వేరుశనగ, పత్తి ధరలు కుప్పకూలాయి. పంట అమ్మినా శిస్తుకు చాలని రైతు షావుకారు గడప ఎక్కాడు. ఆ అప్పుల బరువు ఎంతదాకా పోయిందంటే, 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విముక్తి కోసం చట్టమే తేవాల్సి వచ్చింది. అటువంటి ఇళ్లలో బ్యాటు, బంతి కొనే మాట ఎవరెత్తుతారు? చెడుగుడుకు, అంటే కబడ్డీకి, అవేవీ అక్కర్లేదు. కోతలైన చేనో, ఏటి ఇసుకో చాలు. నడిమధ్య ఒక గీత, ఊపిరి బిగబట్టి కూతకు వెళ్లే ఒకడు, వాణ్ణి పట్టడానికి కాచుకున్న అవతలి జట్టు. కూత తెగితే అవుటే. బీదవాడికీ మోతుబరికీ ఊపిరి ఒక్కటే కాబట్టి, ఆ బరిలో కొంతసేపైనా తేడా ఉండదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే కెనడా ప్రెయిరీ మైదానాల్లోనూ కరువు రైతును కూలదోసింది. 1929లో బుషెల్ డాలరు పైన పలికిన గోధుమ 1932 చివరికి 40 సెంట్ల దిగువకు పడింది. 1937లో ఆ మైదానాల్లోని సస్కాచివాన్ రాష్ట్రంలో ఎకరాకు సగటున మూడు బుషెళ్లు కూడా పండలేదు. పెట్రోలు కొనలేక కారు ఇంజను తీసేసి గుర్రాలు కట్టుకున్నారు. ప్రధాని బెన్నెట్ పేరు మీద ఆ బండికి 'బెన్నెట్ బగ్గీ' అని పేరు పడింది. ఇంత కష్టంలోనూ ఊరూరా బేస్‌బాల్ ఆగలేదు. ధాన్యం ఎత్తే గోదాముల కోసం రైలు మార్గం పొడుగునా పదేసి మైళ్లకో ఊరు వెలిసింది. ప్రతి ఊరికీ జీతాల్లేని ఒక జట్టు, జులై 1 జాతీయ పండగకు పోటీలు, గెలిస్తే చందాలతో పోగైన బహుమతి. అమెరికా పెద్ద లీగుల్లో చోటివ్వని నల్లజాతి ఆటగాళ్ల జట్లు కూడా ఆ ఊళ్లకొచ్చి ఆడాయి.

అక్కడ బేస్‌బాల్‌నైనా ఇక్కడ చెడుగుడునైనా డబ్బు నిలబెట్టలేదు, పొరుగూరు నిలబెట్టింది. ఓడితే వచ్చే ఏడు తీర్చుకోవాల్సిన ఊరొకటి నడక దూరంలో ఉండాలి. మన సంక్రాంతి పోటీలకూ తిరునాళ్ల పోటీలకూ పునాది అదే. తర్లుపాడు కుర్రాళ్లకు కంభం ఎంత దూరం!

చెడుగుడుకు దేశమంతా ఒకే నిబంధనలు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1920ల్లో మహారాష్ట్రలో నియమాలు రాశారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వేళ విదర్భలోని అమరావతి నుంచి వెళ్లిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ బృందం కబడ్డీని ప్రదర్శించింది. 1950లో అఖిల భారత సమాఖ్య, 1952లో జాతీయ పోటీలు వచ్చాయి. 1972లో కొత్తగా ఏర్పడిన సమాఖ్య పేరులోనే 'అమెచ్యూర్', అంటే జీతం కోసం ఆడనివాళ్లు అన్న మాట, ఉంది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం దక్కింది.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పుకోవాలి. ప్రెయిరీ ఊళ్లలో మాంద్యం నాడు సాఫ్ట్‌బాల్ ఆడుతూ పెరిగిన అమ్మాయిల్లో ఇరవై మందికి పైగా, 1943లో చూయింగ్ గమ్ వ్యాపారి రిగ్లీ అమెరికాలో పెట్టిన మహిళల బేస్‌బాల్ లీగుకు సస్కాచివాన్ నుంచే వెళ్లారు. అక్కడి రెజైనా నగరపు అమ్మాయి మేరీ బేకర్ 1950లో ఒక జట్టుకు మేనేజరు కూడా అయింది. మన దగ్గర స్త్రీల జాతీయ కబడ్డీ 1955లో మొదలైనా, ఆసియా క్రీడల్లో వాళ్లకు చోటు 2010 దాకా దొరకలేదు. ఆ స్వర్ణమూ భారత్‌దే.

ఇప్పుడు పెద్ద పోటీలన్నీ మ్యాట్ మీదే. మట్టిలో ఉత్తకాళ్లతో ఆడి పెరిగిన పిల్ల ఎంపికకు వెళ్లినప్పుడు, బూట్లతో మ్యాట్ మీద మలుపు తిరగడం అప్పటికప్పుడు నేర్చుకోవాల్సి వస్తుంది. ఎలాంటి సరంజామా అక్కర్లేదన్న బలంతోనే కరువును దాటిన ఆటకు ఇవాళ సరంజామా అవసరమైంది. మార్కాపురం పలక గనుల కూలీ ఆ ఖర్చు పెట్టలేడు. మండలానికో మ్యాట్ పరిచి, దాని మీద ఊరికీ ఊరికీ ఏడాది పొడుగునా పోటీలు పెట్టే బాధ్యత క్రీడాశాఖదీ, ఈ సభలో ఉన్న దాతలదీ.