దూరపు గడ్డి మడికి భూమిలో నీళ్ల పైపు

(అత్వెల్లిలో పాల సంఘం సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు చూడవలసిన మేము పైపుల సంగతి ఎత్తడం మీకు వింతగా తోచవచ్చు. కారణం ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఒక సంఘంలో ఒక సభ్యుడు ఇంటి దగ్గరి బోరు నుంచి 350 మీటర్ల దూరంలోని గడ్డి మడికి పైపు వేసుకుంటానని అప్పు అడిగాడు. దరఖాస్తు మీద సిఫారసు సంతకం మాదే. ఖర్చు తగ్గుతుందని అతడు 40 మిల్లీమీటర్ల పైపు, అంటే మనం ఒకటింబావు అంగుళం అనేది, రాశాడు. తక్కువ అప్పు గదా అని మేమూ సంతోషించాము. జేసీబీతో తవ్వించి, వేసి, పూడ్చేశారు. మడి దగ్గర చిటికెన వేలంత ధార వచ్చింది. ఎండాకాలంలో నేపియరు గడ్డి ఎండిపోయింది. రెండు బర్రెల్లో ఒకదాన్ని అమ్ముకున్నాడు. మిగిలిన ఒక్కదాని పాల బిల్లులో నుంచే వాయిదా కోసుకున్నాము. ఆ కోత పద్దు మా చేతులతోనే సరిచూశాము. అందుకే ఇవాళ ఈ మాటలు.

పాలిచ్చే బర్రెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిగడ్డి కావాలె. నేపియరు నాటిన 70, 75 రోజులకు మొదటి కోత, తరువాత సుమారు 45 రోజులకొక కోత వస్తుంది, నీళ్లు తప్పకుండా ఉంటేనే. మేడ్చల్ వైపు భూములు ప్లాట్లవుతున్న కొద్దీ మడి ఇంటికి దూరమవుతున్నది. కాబట్టి పైపు తప్పదు.

ముందు మీ బోరు ఎంత పోస్తుందో కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము నూరు సెకండ్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు. ఈ నీరు 350 మీటర్లు పోవడానికి 40 మిల్లీమీటర్ల పైపులో సుమారు 37 మీటర్ల ఎత్తుకు తోడినంత బలం రాపిడికే పోతుంది. 50 పైపులో 12, 13 మీటర్లు. 63 పైపులో, అంటే మనం రెండంగుళాలు అనేదానిలో, 4 మీటర్ల లోపే. చూశారా తేడా! పైపు లోపలి వెడల్పు సగమైతే రాపిడి రెండింతలు కాదు, దాదాపు ముప్పై రెట్లవుతుంది. ఆ సభ్యుడి మోటారుది తప్పు కాదు, పైపుది. ఈ లెక్క ఆనాడు మేము వేయలేదు.

మడి ఎత్తులో ఉంటే ఆ ఎత్తు కూడా దీనికి కలపాలె. కంటితో చూసి పల్లమని అనుకోకండి, మన చెల్కలు కళ్లను మోసం చేస్తాయి. తాపీ మేస్త్రీల దగ్గరి లెవెల్ పైపుతో గెట్టు గెట్టుకూ కొలవండి. వానల తరువాత బోరులో నీటి మట్టం పైకి వస్తే పైపు మీద ఒత్తిడి పెరుగుతుంది, కనుక 4 కిలోల రకం కన్నా 6 కిలోల రకం తీసుకోవడం మంచిది.

కాలువ నాగలికి, కల్టివేటరుకు అందని లోతున ఉండాలె. రెండున్నర అడుగులు తగ్గవద్దు, బండ్ల బాట దాటేచోట ఇంకా లోతుగా, పైన పెద్ద పైపు తొడిగి. ఇక్కడ మొరం, గుండురాళ్లు ఎక్కువ. రాయి మీద పైపు ఆనితే ఏడాదికో రెండేళ్లకో అక్కడే పగులుతుంది. అడుగున, చుట్టూ మెత్తని మట్టి పోయాలె. మలుపుల దగ్గర కాంక్రీటు దిమ్మ కట్టకపోతే మోటారు వేసినప్పుడల్లా నీటి తాకిడికి అతుకు ఊడుతుంది. ఎత్తున్న చోట గాలి వాల్వు, పల్లంలో బురద వదలడానికి ఒక వాల్వు ఉండాలె. 2015 చివరలో ఎల్లంపల్లి నుంచి మన శామీర్‌పేట మీదుగా నగరానికి గోదావరి నీరు తెచ్చిన పెద్ద పైపుకూ ఇదే నియమం, కొలతలే వేరు.

పూడ్చే తొందర మాత్రం వద్దు. అతుకులకు సొల్యూషన్ పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. పైపు నడుమ మట్టి పోసి, అతుకులు మాత్రం తెరిచి ఉంచండి. మోటారు వేసి, చివరి వాల్వు మెల్లగా కొంత మూసి, అరగంట సేపు ప్రతి అతుకు దగ్గరా నడిచి చూడండి. పూర్తిగా మూయకండి, లోతు బోరు మోటారు పైపును చీల్చగలదు. పూడ్చిన తరువాత కారడం మొదలైతే, గడ్డి వాడిపోయేదాకా తెలియదు.

ఇంకొకటి, పక్కవారి భూమి. "మీ గెట్టు వెంబడి పోనియ్యి అన్నా" అంటే మనవాళ్లు కాదనరు. అది నోటి అనుమతే గాని హక్కు కాదు. రేపు ఆ భూమి అమ్ముడుపోతే, ఆ మాట కొన్నవాడిని కట్టిపడేయదు. అతడు పునాది తవ్వితే మీ పైపు బయటపడుతుంది. కాగితం రాయించి, రిజిస్టరు చేయించుకోండి. అన్నదమ్ముల మధ్య కూడా. కొందరికి మొహమాటం, అది మాకు తెలుసు. పంచాయతీ బాట గాని పెద్ద రోడ్డు గాని అడ్డమైతే ముందుగా అధికారుల అనుమతి కావాలె.

ఇక మీదట పైపు అప్పుకు దరఖాస్తుతో పాటు నీటి కొలత, మట్టాల కొలత, దారి గీసిన నక్ష అడగమని కార్యదర్శిగారికి చెప్పాము. పైపు మలిగిన చోటల్లా ఒక రాయి పాతి, ఆ నక్ష ప్రతి ఒకటి సంఘం బీరువాలో పెట్టండి. తవ్వినవాడు ఊరు విడిచిపోతాడు, మనకు జ్ఞాపకం ఉండదు.

సాయంత్రం పాలు పోసే వేళకు ఇంకా గంటన్నర ఉన్నది. లెవెల్ పైపు మా వెంట తెచ్చాము. మొదటి వరుసలో కూర్చున్న అక్క మడి బాట అవతల ఉందన్నారు గదా, అక్కడి దాకా నడిచి కొలిచి చూద్దాం.