ముందు పశువుకు, మిగిలింది మొక్కకు
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



మేము మీ సంఘాలకు వచ్చినప్పుడల్లా వెన్నశాతం గురించీ, రికార్డుల గురించీ మాట్లాడతాము. ఈ రోజు కొట్టం వెనుక ఉన్న పెరడు గురించి మాట్లాడదలచాము. వంగ, బెండ, టమాటా మొక్కల చుట్టూ గడ్డీ ఆకూ పరచి నేలను కప్పడాన్ని మల్చింగ్ అంటారు. ఆచ్ఛాదన అని కూడా అంటారు.

2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయినా, ఇటు ఖమ్మం వైపూ అటు అడవి అంచునా చల్కా నేలలు చాలా ఉన్నాయి. ఈ నేల నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు. వాన వెలిసి ఎండ కాయగానే పైన అట్ట కడుతుంది. దానిమీద ఒక కప్పు ఉంటే ఎండ నేరుగా తగలదు, తడి త్వరగా ఆరదు, కలుపు తగ్గుతుంది. వాన చినుకుకు మట్టి చింది ఆకులకు అంటుకోదు. కప్పు కుళ్ళిన కొద్దీ వానపాములు చేరి నేల గుల్లబారుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. జపాను రైతు మసనోబు ఫుకుఒకా 1975లో వెలువరించిన పుస్తకంలో, పంట గడ్డినంతా తిరిగి పొలానికే ఇవ్వాలన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమం కూడా ఆచ్ఛాదనను ఒక ముఖ్య సూత్రంగా తీసుకున్నది. అయితే మన లెక్క వేరు. మన ఇంట పాడి ఉంది. వాములోని మంచి గడ్డిని మొక్కల కింద పరిస్తే, వేసవిలో అంత గడ్డినీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఆ డబ్బు పాల బిల్లులోంచే పోవాలి. కనుక ముందు పశువుకు, మిగిలింది మొక్కకు.

మిగిలేది తక్కువేమీ కాదు. పశువు నమలక వదిలిన చొప్ప మోళ్ళు, గాడి కింద మూత్రంలో తడిసిన గడ్డి, వాము అడుగున ముక్కిన గడ్డి, కానుగ, గ్లైరిసిడియా రెమ్మలు, ఇంటి చెట్ల ఆకులు, ఇవన్నీ పనికొస్తాయి. మూత్రంలో తడిసిన గడ్డి మరీ మంచిది. ఎండుగడ్డిలో నత్రజని తక్కువ. దానిని మట్టిలో కలిపితే, అది కుళ్ళేటప్పుడు మొక్కకు అందవలసిన నత్రజనిని కొంతకాలం సూక్ష్మజీవులు లాక్కుంటాయి. అందుచేత పైన మాత్రమే పరచాలి. అప్పుడప్పుడూ పలుచని పేడనీళ్ళు చల్లాలి.

ఇక పద్ధతి చెబుతాము. ముందు కలుపు తీసి నీళ్ళు పెట్టండి. తడి నేలమీద 3, 4 అంగుళాల మందాన పరచండి. కాండానికి 2 అంగుళాల దూరం వదలండి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. టేకు ఆకు పెద్దది. అలాగే వేస్తే విస్తరి పరచినట్టు నీటిని పక్కకు జార్చేస్తుంది. చింపి వేయండి. వయ్యారిభామను పూత రాకముందే కోసి వాడవచ్చు, పూసినదానిని దగ్గరకు రానీయవద్దు. చెదలు కనిపిస్తే కప్పును తొలగించి నేలను ఆరనివ్వండి. వానాకాలంలో పొరను పలుచన చేయండి. దానికింద తేళ్ళూ పాములూ చేరవచ్చు. కర్రతో కదిలించి చూడకుండా చేయి పెట్టవద్దు. గడపకు దగ్గరగా పరచవద్దు. నిప్పు ఆరని పొయ్యి బూడిదను దానిమీద పోయవద్దు.

మరొక మాట. శివరాత్రి నుంచి ఉగాది దాకా మన ప్రాంతమంతా ఆకు రాలుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింది ఆకును కాల్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ నిప్పు అడవికి పాకితే లేత మొలకలూ, పశువుల మేతా కాలిపోతాయి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం కూడా. మీ సొంత చెలకలో ఇప్పచెట్టు ఉంటే కింది ఆకును ఊడ్చి పెరటికి తెచ్చుకోండి. రిజర్వు అడవిలోని ఆకును మాత్రం అటవీ సిబ్బందిని అడగకుండా తేవద్దు.

ఈ పనికి అప్పు అక్కరలేదు, సబ్సిడీ అక్కరలేదు. ఈ వేసవిలో ప్రతి సభ్యురాలూ రెండు మళ్ళు పెట్టి, ఒకదానిని కప్పి, ఒకదానిని వట్టిగా వదిలి చూడండి. ఏ మడికి ఎన్ని బిందెల నీళ్ళు పట్టాయో గోడమీద బొగ్గుతో గీతలు గీయండి. వచ్చే సమావేశంలో పాల లెక్కతోపాటు ఆ లెక్క కూడా అడుగుతాము.