తక్కువ ధరలో నమ్మకమైన మదర్‌బోర్డు

పిల్లల చదువుకో, చిన్న వ్యాపారానికో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారు ప్రాసెసర్ గురించి పదిమందిని అడుగుతారు. మదర్‌బోర్డు మాత్రం దుకాణంవాళ్లు చూపించిందే తీసుకుంటారు. కానీ మిగతా భాగాలన్నిటినీ మోసే పునాది అదే.

మార్కెట్లో ఎక్కువగా కనిపించే ఆసుస్, గిగాబైట్, ఎమ్‌ఎస్‌ఐ, ఆస్‌రాక్ నాలుగూ తైవాన్ సంస్థలే. నాలుగింటిలోనూ గట్టి బోర్డులున్నాయి, మరీ పొదుపుగా చేసినవీ ఉన్నాయి. అందుకే పేరుతో పాటు మోడల్ కూడా చూడాలి.

ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగాన్ని వీఆర్‌ఎమ్ అంటారు. దాని మీద వేడిని లాగే హీట్‌సింక్ ఉందేమో చూడండి. మన ఎండలకు అది మేలు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో బోర్డు మీద విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్లు నాసిరకంవి కావడంతో ఉబ్బి ప్రపంచమంతటా ఎన్నో బోర్డులు పాడయ్యాయి. ఇప్పుడు అంత తేలిగ్గా ఉబ్బని సాలిడ్ కెపాసిటర్లున్న బోర్డులు తక్కువ ధరలోనూ దొరుకుతున్నాయి. మీరు ఎంచుకున్న బోర్డు బయాస్, అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్, మీ ప్రాసెసర్‌కు సరిపోతుందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

వారంటీ ఎన్నేళ్లో, సర్వీస్ సెంటర్ ఎక్కడో కొనేముందే అడగండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు తప్పక తీసుకోండి. ధరలో తేడా కొద్దిపాటిదే అయితే, మీకు దగ్గర్లో సర్వీసు ఉన్న కంపెనీ బోర్డునే ఎంచుకోండి.