పుల్లరి రశీదులు పారేయకండి
(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సీనియర్ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఎరువుల కొరత మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి కార్యదర్శి గారు ఇప్పుడే వివరంగా చెప్పారు, నేను మళ్ళీ మొదలుపెడితే మీరు టీ కోసం లేచిపోతారు. అందుకని అడవి గురించి మాట్లాడతాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి మేకలో, గొర్రెలో, నాలుగు పశువులో ఉన్నాయి. నల్లమల అంచున బతికేవాళ్ళం. అడవి మొహం చూడకుండా మనకు ఏడాది గడవదు.

పోయిన ఎండాకాలం పక్క గూడెం నుంచి ఒక చెల్లెమ్మ రెండు సంచుల కుంకుడుకాయలు సైకిల్ మీద వేసుకొని సంతకు బయల్దేరింది. దారిలో ఆపారు. పర్మిట్టు ఏదన్నారు. ఆమె దగ్గర లేదు. ఐదు వందలు తీసుకొని వదిలేశారు, రశీదు మాత్రం ఇవ్వలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, "అన్నా, ఆ పర్మిట్టు ఎక్కడిస్తారో చెప్పు, ఈసారి తెచ్చుకుంటా" అంది. ఫలానా ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టమ్మా అని చెప్పాను. రెండు రోజులు తిరిగింది. రెండు రోజుల కూలి పోయింది. కాగితం రాలేదు.

ముప్పై ఏళ్ళుగా సంఘంలో ఉన్నవాణ్ణి, నేను ఇచ్చిన సలహా తప్పు. ఆమె ఎవరి దగ్గరో చేతులు కట్టుకొని అడుక్కోవలసిన కాగితం కాదది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. చిన్న తరహా అటవీ ఫలసాయం సేకరించుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం అడవి మీద బతికేవాళ్ళ హక్కు అని అందులో రాసి ఉంది. తేనె, మైనం, కుంకుడు, ఉసిరి, కరక్కాయ, మూలికలు, దుంపలు, బీడీ ఆకు, ఆఖరికి వెదురు కూడా అందులోకే వస్తాయి. 2012లో నిబంధనలు సవరించినప్పుడు ఇంకా తేటగా చెప్పారు. ఈ ఫలసాయం మీద రాయల్టీ గానీ, ఫీజు గానీ, ఇంకే పేరుతో గానీ వసూలు చేయకూడదు. రవాణా పర్మిట్టు ఇవ్వాల్సింది గ్రామసభ వేసుకున్న కమిటీ, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషి. అంతకుముందు నెత్తి మోపు, సైకిలు, తోపుడు బండి వరకే అన్నట్టు ఉండేది. ఇప్పుడు తగిన వాహనం ఏదైనా పెట్టుకోవచ్చు, అడవి దాటి బయటికి కూడా తీసుకుపోవచ్చు.

ఇదెక్కడన్నా జరిగిందా అని మీరు అడగొచ్చు. జరిగింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే చిన్న గోండుల ఊరుంది. 2009లో 1,800 హెక్టార్ల పైచిలుకు అడవి మీద ఆ ఊరికి సామూహిక హక్కు పత్రం వచ్చింది. పత్రం వచ్చినా వెదురు అమ్ముకుందామంటే రవాణా పాసు ఇవ్వలేదు. వెదురు గడ్డా, చెట్టా అని పంచాయితీ! ఊరు పట్టు విడవలేదు. చివరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ స్వయంగా ఆ ఊరికి వచ్చి, పాసు పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చారు. అప్పటినుంచి ఆ ఊరి వెదురుకు ఆ ఊరే పాసు రాసుకుంటోంది.

మరి మన దగ్గర ఎందుకు కాలేదు? తప్పంతా అవతలివాళ్ళదే అని చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ మన తప్పు కూడా ఉంది. చట్టం వచ్చిన రోజు నుంచి మనం పట్టాల వెంటే పరిగెత్తాం. పోడు భూమికి పట్టా కావాలి, ఫారం ఏ నింపు, సర్వే చేయించు, తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నా చెయ్యి. అది అవసరమే, కాదనను. కానీ ఆ పక్కనే ఫారం బి ఉంది, ఊరంతటి హక్కులకు. మేపు హక్కు, నీటి వనరుల హక్కు, ఫలసాయం హక్కు అన్నీ అందులోనే అడగాలి. ఊరి అడవిని కాపాడుకొని నిర్వహించుకునే హక్కుకు ఫారం సి ఉంది. మన మండలంలో ఫారం ఏలు కట్టలు కట్టలుగా నింపాం. ఫారం బి నింపిన ఊరు ఒక్కటి చూపించండి, నా కండువా తీసి ఇచ్చేస్తాను.

హక్కు చట్టంలో ఉండటం వేరు, పత్రం చేతిలో ఉండటం వేరు. పత్రం లేకపోతే చెక్‌పోస్టు దగ్గర చట్టం చదివి వినిపించినా సంచీ దింపమనే అంటారు.

ఇక్కడ మనలో గిరిజనేతరులకు ఒక సందేహం ఉంది. గొర్రెల కాపరులకు, చిన్న రైతులకు ఈ చట్టం వర్తిస్తుందా అని. వర్తిస్తుంది, కానీ రుజువు బరువు ఎక్కువ. 2005 డిసెంబర్ 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడ నివాసం ఉండి అడవి మీద బతికినట్టు చూపాలి. లెక్క కడితే 1930 దాకా పోవాలి. అంత పాత కాగితం ఎక్కడ తెస్తామని చేతులెత్తేస్తున్నారు.

పల్నాడు వాళ్ళం మనం కూడా ఆ మాట అంటే ఎట్లా? 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చాక మన తాతలు మేపుకున్న అడవికే పుల్లరి కట్టమన్నారు. కట్టం అన్నారు. 1921, 22లో పశువుల్ని పుల్లరి కట్టకుండా అడవిలోకి తోలారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుండ్లకు బలైంది అందుకే. మనం ఏటా ఆయన విగ్రహానికి దండ వేసి వస్తాం. ఆ పోరాటం 1930 కంటే ముందుదని, మన ఊళ్ళవాళ్ళు అప్పటికే ఈ అడవిలో పశువులు మేపుతున్నారనడానికి సర్కారు రికార్డే సాక్ష్యమని మాత్రం ఎవరికీ తట్టలేదు. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే పటాలు, అటవీ శాఖ రిపోర్టులు రుజువులుగా తీసుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళ వాంగ్మూలం రాసి పెట్టినా చెల్లుతుంది, అయితే ఆ పెద్దమనిషి తాను హక్కు అడిగే మనిషి కాకూడదు. ఒక్క రుజువు చాలదు, ఒకటికి మించి జత చేయాలి.

మా నాన్న ట్రంకు పెట్టెలో మేపుడు రశీదులు పది పన్నెండు ఉండేవి. ఇల్లు సున్నం కొట్టించినప్పుడు చెదలు పట్టాయని మా ఆవిడ పొయ్యిలో పెట్టబోయింది. నాలుగు దక్కాయి. తాతలు తిట్టుకుంటూ కట్టిన పుల్లరి రశీదే ఈరోజు మనవడి హక్కుకు రుజువు. మీ ఇళ్ళల్లో వెతకండి. పాత మేపుడు పర్మిట్టు, బందెల దొడ్డి నుంచి పశువును విడిపించుకున్నప్పటి చీటీ, అడవి కేసులో కట్టిన జరిమానా కాగితం, ఏదైనా సరే. జరిమానా కాగితం బయటపెడితే పరువు పోతుందనుకోకండి. ఆ రోజు మీ నాన్న అడవిలోనే ఉన్నాడని సర్కారే రాసిచ్చిన కాగితం అది.

ఇంకో మాట చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఈ హక్కు పేరు చెప్పి కలప కొట్టకండి. కలప చిన్న తరహా ఫలసాయం కాదు. సొంత పట్టా చేలో ఎర్రచందనం వేసినా కొట్టడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్టు ఉండాల్సిందే. వేట, నిప్పు పెట్టడం సంగతి చెప్పనక్కర్లేదు. పులుల అభయారణ్యంలో కూడా అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది, కానీ హక్కు గుర్తింపు కాకుండా లోపలికి మందను తోలితే కేసు పడుతుంది, మందను పట్టుకుపోతారు. అలాంటి కేసులకు సంఘం వెనక నిలబడలేదు. ఎక్కడ డబ్బు కట్టినా రశీదు అడగండి. ఇవ్వకపోతే తేదీ, వేళ, చోటు రాసుకొని వచ్చి కార్యదర్శికి చెప్పండి.

ఇప్పుడు పని. ముందు గ్రామసభ పెట్టాలి. సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. లేకపోతే తీర్మానం నిలవదు. తీర్మానం పుస్తకంలో నలుగురు మగవాళ్ళ సంతకాలు పెట్టి మిగతావి ఇంటింటికీ తిప్పే అలవాటు ఈసారి వద్దు. షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే గూడెం తన సభ తానే పెట్టుకోవచ్చు. అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో చూడండి, ఉంటే అందులో చనిపోయినవాళ్ళ పేర్లు ఎన్నో చూడండి. తరువాత కమిటీ అడవిలోకి నడిచి మేపు దారులు, కుంటలు, చెలమలు, దేవుడి చెట్లు, శ్మశానాలు గుర్తించి పటం గీయాలి. ఆ నడకకు కాపరుల్ని తీసుకెళ్ళండి, దారులు వాళ్ళకే తెలుసు. సబ్ డివిజన్ కమిటీ కాదంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి పోవచ్చు.

అన్నిటికంటే ముందు వాంగ్మూలాలు రాయించండి. మా ఊళ్ళో పుల్లరి కథలన్నీ తెలిసిన పెద్దాయన ఒకరుండేవారు. సంక్రాంతి తరవాత కూర్చొని రాసుకుందామనుకున్నాను. జనవరి మొదటి వారంలోనే పోయారు. మీ ఊళ్ళలో ఎనభై దాటినవాళ్ళు ఎవరున్నారో ఇప్పుడే పేర్లు చెప్పండి, కార్యదర్శి గారు రాసుకుంటారు. ఫారం బి కాపీలు ఆ బల్ల మీద పెట్టాం, ఊరికి రెండు చొప్పున పట్టుకెళ్ళండి.