నగరసభలో యూదులు, తెలుగువారు



చెన్నై నగరపాలక సంస్థ 1688 సెప్టెంబరు 29న కొలువుతీరింది. తొలి మేయరు నథానియల్ హిగ్గిన్సన్. ఆయనతోపాటు పన్నెండుగురు ఆల్డర్‌మన్లు ఆసీనులయ్యారు. వారిలో బార్తొలొమియు రోడ్రిగ్స్ మొదలైన ముగ్గురు యూదు వర్తకులున్నారు. చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళంగాత్త పిళ్ళై అనే ముగ్గురు దేశీయ వర్తకులున్నారు. చెన్నకేశవాలయ నిర్మాతగా ప్రసిద్ధుడైన బేరి తిమ్మన్నకు చిన్న వెంకటాద్రి తమ్ముడు. ఈ నగరసభలో యూదులు, తెలుగువారు మొదటినాటి నుండీ సహసభ్యులు.

ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. యూదులను ఇంగ్లండు 1290లో, స్పెయిను 1492లో వెళ్ళగొట్టాయి. పోర్చుగల్ 1497లో వారిని బలవంతంగా మతం మార్చింది. ఇంగ్లండు వారిని మళ్ళీ ఉండనిచ్చినది 1656లో మాత్రమే. లండన్ నగరసభలో ఒక యూదుడు ఆల్డర్‌మన్‌గా కూర్చోవడానికి 1847 దాకా వేచి ఉండవలసి వచ్చింది. లండన్‌లో దొరకని గౌరవం మద్రాసులో నూటయాభై ఏళ్ళకు ముందే దొరికింది.

అయితే ఆ గౌరవానికి కారణం ఔదార్యం కాదు. గోల్కొండ వజ్రాలు, మధ్యధరా సముద్రపు పగడాలు యూదు వర్తకుల చేతుల మీదుగా సాగేవి. జార్జిటౌన్‌లోని కోరల్ మర్చంట్ వీధి పేరులో ఆ వ్యాపారపు ఆనవాలు నేటికీ ఉంది. కంపెనీకి వారి ధనం కావాలి, పురప్రజల నుండి పన్నులూ కావాలి. పన్ను కట్టించడానికి ప్రజలలో పలుకుబడి గలవారిని సభలో కూర్చోబెట్టడమే మార్గమని కంపెనీ తలచింది. అదే దశకంలో ఈ రేవు నుండి మనుషులను బానిసలుగా ఓడలెక్కించారు. వారి పక్షాన మాట్లాడే ఆసనం ఆ సభలో లేదు.

యూదుధర్మంలో దానాన్ని ‘సెదకా’ అంటారు. న్యాయమనే అర్థం గల ధాతువు నుండి పుట్టిన మాట అది. బీదవానికి ఇచ్చేది దయాభిక్ష కాదు, అతనికి చెందవలసిన భాగమే అని దాని భావం. ఈజిప్టులో తాము పరదేశులుగా, దాసులుగా ఉన్న సంగతి మరువక పరదేశిని ఆదరించవలెనని కూడ వారి ధర్మశాస్త్రం విధిస్తుంది. ఈ కొలతతో చూస్తే 1688 నాటి సభ సంపన్నులకు సమానత్వమిచ్చింది; న్యాయాన్ని ఇంకా బాకీ పడింది.

ఆ బాకీ ఎంతటిదో గుంటూరు ప్రాంతపు ఉదాహరణ చెబుతుంది. చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కులానికి చెందిన కొన్ని కుటుంబాలు తాము ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిము గోత్రపు సంతతివారమని చెప్పుకుంటాయి. 1990ల ఆరంభంలో వారు అక్కడ ఒక ప్రార్థనామందిరం ఏర్పరచుకున్నారు. ఊరు తమకు ఇచ్చిన కులస్థానం కాక, వేరొక పూర్వచరిత్ర తమకున్నదని చాటడం అందులో ఒక భాగం. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను తొలుత హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. యూదులు అందులో లేరు. రికార్డులలో యూదులమని వ్రాయించుకుంటే ఆ కుటుంబాలు రిజర్వేషను కోల్పోవలసిందే. ఎవరమని చెప్పుకోవాలన్న ఆత్మగౌరవం ఒకవైపు, పిల్లల చదువు, ఉద్యోగం మరొకవైపు నిలిచాయి.

ఈ మాట చెన్నై తెలుగువారికి దూరమైనది కాదు. ఈ నగరపు వీధులను తరతరాలుగా శుభ్రపరుస్తున్న పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో. చిన్న వెంకటాద్రి ఆసనం ఎంత తెలుగువారి చరిత్రో, వారి చీపురు కూడ అంతే తెలుగువారి చరిత్ర. మొదటిదాన్ని స్మరించి రెండవదాన్ని మరవడం న్యాయం కాదు.

నేడు ఈ సభలో 200 వార్డులున్నాయి. స్త్రీలకు సగం స్థానాలు, షెడ్యూల్డు కులాలవారికి ప్రత్యేక స్థానాలు ఉన్నాయి. 2022లో ఆర్. ప్రియ ఈ నగరానికి తొలి దళిత మహిళా మేయరు అయ్యారు. 1688లో ధనాన్ని చూసి వేసిన ఆసనం ఇప్పుడు హక్కుగా లభిస్తోంది. పొట్టకూటికై ఈ ఊరు చేరిన ప్రతి తెలుగు కుటుంబమూ ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవాలి, వార్డు సభలో నోరు విప్పాలి. అప్పుడు తన మాటతోపాటు, నిన్న వచ్చిన ఒడియా కూలీ మాట, బిహారీ కూలీ మాట కూడ అక్కడ వినిపించాలి. ఒకప్పుడు పరదేశిగా నిలిచినవారికి ఆ బాధ్యత మరింత ఎక్కువ.